బోరు మీది రాయి

మా చేనులో నీళ్ళు పడని బోరు ఒకటి ఉంది. దాని నోటి మీద ఒక బండరాయి ఉంది. ఆ రాయిని అక్కడికి దొర్లించింది నేను. పిల్లలు ఆడుకుంటూ పడిపోతారని భయపడి పెట్టానని ఊళ్ళో అందరూ అనుకుంటారు. మంచి పని చేశావమ్మా అని కొందరు నాతోనే అన్నారు. నేను కాదనలేదు.

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఆ రాయినే. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు మోశాను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకుంటున్నప్పుడు మోశాను. స్త్రీల కూటంలో నిలబడి, దాచిపెట్టిన పాపం గురించే వాక్యం చెబుతూ మోశాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళ దగ్గర చెప్పబోయిన ప్రతిసారీ నా నోటి నుంచి ప్రార్థన వచ్చింది గాని మాట రాలేదు. మాటకు బదులు ప్రార్థన రావడం ఎంత భయంకరమైనదో నేను చెబితే గాని మీకు తెలియదు. నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది.

పేర్లు రాయను. శింగనమల వైపు పోయే దారిలో మాదొక చిన్న ఊరు. నేను పుట్టింది గుత్తి దగ్గర. మా అమ్మానాన్నలు నిష్ఠ గల విశ్వాసులు. బొట్టు, గాజులు, తాయెత్తు ఏదీ గడప దాటి లోపలికి రాని ఇల్లు మాది. నేను నడక నేర్చుకున్నదీ, పాట నేర్చుకున్నదీ సంఘంలోనే. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చేసరికి అత్త లేదు. నా భర్త, ఆయన తండ్రి, ఇద్దరే ఉన్నారు. వీళ్ళూ క్రైస్తవులే. కానీ తాతల నాడు మిషన్ వాళ్ళ దగ్గర చేరి, అక్కడే ఆగిపోయినవాళ్ళు. క్రిస్మస్‌కు గుడికి పోతారు, పెళ్ళికి తాంబూలం తీసుకుంటారు. నేను వచ్చాక నా భర్త మారాడు. అంతకుముందు సారా తాగేవాడు. ఇంట్లో సామాను అమ్మి తాగేవాడు. తల్లి పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందెను కూడా అమ్మేశాడు. అదంతా వదిలేసి బాప్తిస్మం తీసుకున్నాడు. మళ్ళీ ఆ వాసన ఆయన దగ్గర నేను ఎన్నడూ ఎరగను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను చేసిన దాని బరువు ఇక్కడే ఉంది.

మా మామ మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు. ఊళ్ళో ఆయనను పేరు పెట్టి ఎవరూ పిలవరు, మిలిటరీ అనే అంటారు. రెండు యుద్ధాలు చూశాడు. బాంబు పక్కన పడి ఎడమ చెవి పోయింది. ఎవరు మాట్లాడినా కుడి చెవి ముందుకు పెట్టి, కళ్ళు చిట్లించి వినేవాడు. మంచం కింద ఆయన రేకు పెట్టె ఉండేది. దానికి తాళం లేదు. "ఇంట్లో దొంగలెవరుండారు" అనేవాడు. పెట్టెలో ఒక పాత సబ్బు డబ్బా, డబ్బాలో ఎర్రగుడ్డ, గుడ్డలో నాలుగు మెడల్సు. ఒక్కొక్క దాని అంచు చుట్టూ సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన నంబరు, పేరు చెక్కి ఉండేవి. ఆ అంచు మీద గోరు తిప్పుతూ, పలకమీద అక్షరాలు దిద్దే పిల్లవాడిలా తన నంబరు పైకి చెప్పుకునేవాడు.

ఏడాదికొకసారి, ఆయుధ పూజ రోజే వాటిని బయటికి తీసేవాడు. చింతపండుతో తోమి, మంచం మీద వరసగా పెట్టి, కుంకుమ అద్దేవాడు. పక్కన ఒక నిమ్మకాయ కోసి పెట్టేవాడు. మొదటిసారి చూసినప్పుడు గడపలోనే ఆగిపోయాను. విశ్వాసుల ఇంట్లో, నేను ప్రార్థన చేసే గదికి ఆనుకున్న గదిలో, సింహాల బొమ్మ ఉన్న లోహానికి కుంకుమ!

"మామా, ఇది విగ్రహారాధన గదా" అన్నాను.

ఆయన నవ్వాడు. "పూజ కాదమ్మా, పల్టన్ అలవాటు. తుపాకీకి పెడతాంటిమి, లారీకి పెడతాంటిమి. సాయిబూ పెట్టినాడు, సర్దారూ పెట్టినాడు, నేనూ పెడితి. యేసయ్య ఏమీ అనలేదు. నువ్వెందుకు అంటాండావు?"

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. అప్పటి నుంచి ఆ డబ్బా ఉన్న వైపు తల పెట్టి పడుకోలేదు.

ఆ ఏడు ఎండాకాలం దేశం ఉత్తరాన మంచు కొండల మీద యుద్ధం జరిగింది. మా మామ అంగడి దగ్గర రేడియోకు కుడి చెవి ఆనించి పగలంతా కూర్చునేవాడు. మా దగ్గర మంచు లేదు, మబ్బు కూడా లేదు. అంతకు ముందు రెండేళ్ళుగా వేరుశనగ ఊడలు దిగే వేళకు వానలు మొహం చాటేశాయి. అప్పు చేసి వేయించిన బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రిగ్గు లారీ పోయిన తర్వాత ఆ దుమ్ము మా ఇంటి మీద, చింతచెట్ల మీద తెల్లగా పేరుకుని చాలా రోజులు ఉంది. బోరు నోరు తెరిచే ఉండేది. గాలి వీచినప్పుడు లోపలి నుంచి ఊఁ అని సన్నని మూలుగు వచ్చేది. మధ్యాహ్నాలు ఆ మూలుగు వంటింట్లోకి వినబడేది.

అప్పుడే మా సంఘంలో పందిరి వేసి, ఉజ్జీవ కూటాలని ప్రార్థన సభలు పెట్టారు. వాన కోసం ఉపవాసం. దూరం నుంచి ఒక బోధకుడు వచ్చాడు. ఆయన చెప్పిన కథ మాకందరికీ తెలిసినదే. దేవుని సైన్యం ఓడిపోవడం, ఎందుకు ఓడిపోయామని నాయకుడు బట్టలు చింపుకోవడం, తీరా చూస్తే శపితమైన వస్తువును ఒకడు తెచ్చి తన డేరా కింద పాతిపెట్టి ఉండడం. ఒక్కడు దాచిన దానికి అందరూ ఓడిపోవడం. "మీ పొలాలు ఎందుకు ఎండిపోయినాయి? ఎవరి డేరా కింద ఏముంది?" అని బోధకుడు పందిరంతా కలయజూశాడు. ఆయన కళ్ళు నా దగ్గర ఆగినట్టు నాకు అనిపించింది. ఆగాయో లేదో దేవునికి తెలుసు.

చివరి రోజు అందరూ సాక్ష్యం చెప్పాలి. ఏమి వదిలేశారో లేచి చెప్పాలి. ముందు రోజుల్లోనే ఒకామె పిల్లవాడి మొలతాడుకున్న తాయెత్తు తెంపేసింది. ఒకాయన బీడీల కట్ట పందిరి బయట పారేశాడు. నా దగ్గర వదిలేయడానికి ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి నేను ఏమీ పట్టుకున్నదాన్ని కాదు. అది నాకు గర్వంగా ఉండాలి. కానీ ఆ పందిట్లో నేను వట్టి చేతులతో కూర్చున్నాననే సిగ్గు కలిగింది. ఇది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. వాన కోసం చేశానని ఎన్నో సంవత్సరాలు నాకు నేనే చెప్పుకున్నాను. దేవుని మహిమ కోసం అని చెప్పుకున్నాను. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ రెండిటి అడుగున ఉన్నది, లేచి నిలబడి చెప్పడానికి నాకొక సాక్ష్యం కావాలనే ఆశ. దాని కింద ఇంకొకటి, ఆ ముసలాయన నవ్వు.

చివరి రోజు మధ్యాహ్నం నా భర్త పందిరి పనిలో ఉన్నాడు. మా మామ అంగడి దగ్గర రేడియో వింటున్నాడు. నేను రేకు పెట్టె తెరిచాను. గుడ్డతో సహా తీసుకోవచ్చు. తీసుకోలేదు. మెడల్సు కొంగులో వేసుకుని, గుడ్డను ముందున్నట్టే మడిచి డబ్బాలో పెట్టాను, డబ్బాను ముందున్నట్టే పెట్టెలో పెట్టాను. దేవుని కోసం చేసే పనికి అంత జాగ్రత్త ఎందుకు? అప్పుడే ఆ ప్రశ్న వేసుకుని ఉంటే ఈ రోజు మీతో ఈ మాటలు ఉండేవి కావు.

చేనులో ఎవరూ లేరు. సుడిగాలి ఒకటి ఎండుటాకులు ఎత్తుకుని గట్టు వెంబడి పోతోంది. బోరు దగ్గర మోకాళ్ళూనాను. ఒక్కొక్కటే వదిలాను. మొదటిది కేసింగు పైపుకు తగిలి ఖంగుమంది. తర్వాత రాతికి రాసుకున్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. అడుగున తాకిన శబ్దం వస్తుందని చెవి దగ్గరగా పెట్టి విన్నాను. రాలేదు. నాలుగూ వేశాను, నాలుగింటికీ అంతే. లేచేటప్పుడు చూస్తే వేళ్ళకు కుంకుమ అంటి ఉంది. చీరకు తుడుచుకున్నాను.

ఆ సాయంత్రం కూటంలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. నోరు తెరిచాను. ముందు వరసలో నా భర్త నా వైపే చూస్తున్నాడు, ఆయన మొహం నిండా సంతోషం. "స్తోత్రం" అని కూర్చున్నాను. అంతే. ఏ సాక్ష్యం కోసం చేశానో ఆ సాక్ష్యం నా నోటి నుంచి రాలేదు.

ఆ వారంలోనే వాన పడింది.

పెద్ద వాన కాదు. విత్తనం వేయడానికి సరిపోయే పదును. కానీ నేను వంటింటి గడపలో నిలబడి తడిమట్టి వాసన పీలుస్తూ స్తోత్రం చెప్పాను. దేవుడు నా పక్షాన ఉన్నాడని ఆ వాన నాకు రుజువైపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వానే నా మీద పడిన తీర్పు. అది పడకపోయి ఉంటే భయపడి చెప్పేదాన్నేమో. పడింది కాబట్టి, చెప్పడం దేవుని జవాబును తోసివేయడం అవుతుందనుకున్నాను. పైరు మొలిచింది, పూత పట్టింది, మళ్ళీ ఎండింది. అప్పటికి నా మనసు గట్టిపడిపోయింది.

స్వాతంత్ర్య దినం దగ్గరపడింది. యుద్ధం జరిగిన ఏడు కదా, బడిలో మాజీ సైనికులకు సన్మానం చేస్తామన్నారు. జెండా ఎక్కించాక ఒక్కొక్కరి సర్వీసు చదివి వినిపించాలని పెద్దయ్యవారు డిశ్చార్జి బుక్కులు తెమ్మన్నారు. మా మామ తన బుక్కు తీసుకుపోయాడు. అందులో మెడల్సు రాసే చోటు ఖాళీగా ఉంది. ఆయన ఇంటికి వచ్చేసిన తర్వాత మెడల్సు టపాలో వచ్చాయట. బుక్కులో ఎవరూ ఎక్కించలేదు. అన్నేళ్ళూ ఆయనకు ఆ సంగతే తెలియదు. అక్కడే ఊరి పెద్దింటి ఆయన ఒకడు కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా మిలిటరీ, బుక్కులో లేని మెడల్సు నీకు యాడ దొరికె? తాడిపత్రి సంతలో కొంటివా?" అన్నాడట. అందరూ నవ్వారట.

మా మామ ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. "చూపించినా కొన్నవే అంటాడు, బుక్కులోనే ఎక్కాల" అన్నాడు. తెల్లారి మొదటి బస్సుకు అనంతపురం పోయాడు. మాజీ సైనికుల ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆయన నడకే వేరుగా ఉంది, పల్టన్‌లో నడిచినట్టు. "మెడల్సు తెచ్చి చూపిస్తే చాలునంట. అంచు మీద నా నంబరు ఉండాది గదా, అది చూసి, రాసి, రికార్డుకు పంపిస్తారంట. బుక్కులో ఎక్కించి ఇస్తారంట. ఇంగ వాన్ని నవ్వమను చూస్తాం!" అని వాకిట్లోంచే అరిచాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చేతిలో ఉన్న గరిటె వేడి తెలియలేదు.

తర్వాత జరిగినది ఒక్క మాట కూడా మరిచిపోలేదు. మరిచిపోవాలని చాలా ప్రార్థించాను.

లోపల పెట్టె తెరిచిన చప్పుడైంది. డబ్బా మూత తీసిన చప్పుడైంది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. బోరులో వేసిన తర్వాత ఉన్నట్టే.

ఆయన డబ్బా పట్టుకుని బయటికి వచ్చాడు. "ఏమ్మా, నా డబ్బా ఎవరన్నా ముట్టినారా?"

"డబ్బా ఆడనే ఉండె గదా మామా" అన్నాను.

"డబ్బా ఉండాది. లోపల గుడ్డ ఉండాది. అవే లేవు."

నా భర్త అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "ఏమయింది నాయనా?" అన్నాడు. మామ ఆయన వైపు చూడలేదు. నా దగ్గరికి వచ్చాడు. కుడి చెవి ముందుకు పెట్టాడు.

"నువ్వు వాక్యం చదివే దానివి. నీ నోట్లో అబద్ధం రాదు. నువ్వు ఏమి చెప్తే అదే నమ్ముతా. పూజ అంటివి ఒకసారి, దానికేమన్నా తీసి యాడన్నా పెట్టినావా? పెట్టింటే చెప్పు తల్లీ. నేను ఏమీ అనను. ఇంగ కుంకుమ గూడా పెట్టను."

ఇంతకంటే తెరిచిన తలుపు ఎవరికైనా దొరుకుతుందా? ఆయన క్షమాపణ ముందే చేతిలో పెట్టాడు. ఇంకెన్నడూ కుంకుమ పెట్టనని కూడా అన్నాడు. నేను కోరుకున్నదంతా అడగకుండానే ఇచ్చాడు. లేదు అని నేను అబద్ధం చెప్పలేను. నా పెంపకం నాకు అబద్ధం నేర్పలేదు. అవును అని చెప్పడానికి నోరు రాలేదు. ఈ రెండిటి మధ్య మావాళ్ళకు మాత్రమే తెలిసిన ఒక దారి ఉంది. ఆ దారిలో పోయాను.

"ప్రార్థన చేద్దాం మామా" అన్నాను.

ఆయన డబ్బా కింద పెట్టి తలపాగా తీశాడు. నా భర్త తడి కాళ్ళతోనే వచ్చి తల వంచాడు. నేను కళ్ళు మూసుకున్నాను. నా గొంతు నాకే చక్కగా వినిపించింది, కూటంలో చేసినట్టు. "ప్రభువా, ఎవరు తీసినారో నీకు తెలుసు. మనుషులకు దాగింది నీకు దాగదు. చీకట్లో ఉండేదాన్ని వెలుగులోకి తీసుకురా. తీసినవాళ్ళు తమ నోటితోనే ఒప్పుకునేటట్ల చెయ్యి."

"ఆమేన్" అన్నాడు నా భర్త. ఆయన గొంతు వణికింది.

ఎందుకు వణికిందో నాకు తెలుసు. బిందె పోయిన ఇంట్లో ఇంకేది పోయినా చూపులు ముందు తన మీదికే వస్తాయని ఆయనకు తెలుసు. నేను కళ్ళు తెరిచేసరికి మామ కొడుకు వైపు చూస్తున్నాడు.

"ఆమేన్ అనేటప్పుడు గొంతు ఎందుకు వణికె రా?"

"నేను తీయలేదు నాయనా."

"మీ అమ్మ బిందె పోయినప్పుడు గూడా ఇదే మాట అంటివి."

"అప్పుడు తాగుతాంటి. ఇప్పుడు మానేసినా గదా నాయనా!"

"దుడ్లు లేక మానేసింటివేమో. ఇప్పుడు దొరికినాయి."

నా భర్త నా వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పే" అన్నాడు. ఆయన కళ్ళలోకి చూశాను. "నాయన కోపంలో ఉండాడు. నువ్వు కొంచేపు బయటికి పో" అన్నాను.

ఆయన పోయాడు. కాళ్ళ తడి నేల మీద ఆరిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

మామ మెడల్సు లేకుండానే మళ్ళీ అనంతపురం పోయాడు. వాళ్ళు అర్జీ పంపారు. చాలా నెలలకు జవాబు వచ్చింది. రికార్డులో ఆధారం కనబడలేదనీ, మెడల్సు గాని వేరే రుజువు గాని చూపిస్తే మళ్ళీ పరిశీలిస్తామనీ పెద్దయ్యవారు చదివి చెప్పారు. పెద్దింటి ఆయన చెవిన పడింది. "సంతలో కొన్నవి సంతకే పోయుంటాయి లేప్పా" అన్నాడట. ఆ తర్వాత మామ అంగడి దగ్గరికి పోవడం మానేశాడు. రేడియో ఆగిపోయింది. మంచం మీద కూర్చుని, నేనిచ్చిన కాఫీ గ్లాసు అంచు మీద గోరు తిప్పుతూ తన నంబరు చెప్పుకునేవాడు. ఒకటికి రెండుసార్లు చెప్పి, ఎక్కడో తప్పినట్టు ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు.

కొడుకు చేతి నీళ్ళు ముట్టలేదు. కొడుకు కూర్చున్న చోట కూర్చోలేదు. నా చేతి అన్నం మాత్రం తిన్నాడు. నా చేతి నీళ్ళు మాత్రం తాగాడు. "ఈ ఇంట్లో నమ్మకమైన మడిసి నువ్వొక్కదానివే తల్లీ" అన్నాడు పోయే ముందు. ఆ మాట అన్నాక ఎక్కువ కాలం లేడు. ఆఖరి గుటకలు నేనే పోశాను. గది బయట నా భర్త గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని మామ అనలేదు. నేనూ అనలేదు.

సమాధి మీద పేరు మాత్రమే చెక్కించాడు నా భర్త. "బుక్కులో లేనిది రాయిస్తే ఆడ గూడా నవ్వుతారు" అన్నాడు.

ఆ రోజులన్నిటిలో ఆయన మళ్ళీ తాగి ఉంటే నాకు తేలికయ్యేదేమో. ఈ మాట రాస్తుంటే నా చేయి నాకే రోతగా ఉంది, అయినా నిజం. తాగలేదు. తండ్రి బతికి ఉండగా పని లేనప్పుడల్లా బస్సెక్కి అనంతపురం, గుత్తి పోయేవాడు. పాత ఇనుము, ఇత్తడి కొనే అంగళ్ళలో వెతికేవాడు. ఎవరో దొంగిలించి అమ్మి ఉంటారు, దొరికితే నాయన చేతిలో పెడతాను అనేవాడు. నేను సద్ది కట్టి పంపేదాన్ని. అవి ఎక్కడున్నాయో తెలిసి, సద్ది మూట ముడి వేసి చేతికిచ్చేదాన్ని. సాయంత్రం ఆయన చేతులకు తుప్పు మరకలతో వచ్చేవాడు. నేను నీళ్ళు పోసేదాన్ని.

ఇంకొకటి ఉంది. మా ఇంట్లో జరిగినది సంఘంలో తెలిసింది. ఆమె ప్రార్థన చేయగానే దొంగ బయటపడ్డాడట అనుకున్నారు, సొంత భర్తని కూడా చూడలేదట అనుకున్నారు. కోడి పోయినా, చెవి కమ్మ పోయినా నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. స్త్రీల కూటానికి నన్ను పెద్దను చేశారు. నేను కాదనలేదు. నన్ను నిలబెట్టిన మెట్టు నా భర్త వీపు.

కొన్నేళ్ళకు మంచి వానలు పడ్డాయి. చెరువులో నీళ్ళు చేరాయి. చుట్టుపక్కల వాళ్ళు ఎండిపోయిన బోర్లను ఫ్లషింగు చేయించడం మొదలుపెట్టారు. కంప్రెసరు లారీ వచ్చి బోరులోకి గాలి కొడుతుంది. అడుగున ఉన్న మట్టి, రాళ్ళు, బురద అన్నీ పైకి ఎగజిమ్ముతాయి. పక్క చేనులో చేసినప్పుడు పోయి చూశాను. పిడికెడంత రాళ్ళు పైకి లేచి పడుతున్నాయి. వాటితో పాటు ఎవరి పిల్లలో వేసిన గోళీలు, ఒక చెంచా కూడా వచ్చాయి. అందరూ నవ్వారు. తర్వాత నీళ్ళు వచ్చాయి. ఆ రోజే నేను మా బోరు మీదికి రాయి దొర్లించాను.

నా భర్త అడిగాడు. ఆయన ఏ పని మొదలుపెట్టినా నన్ను అడుగుతాడు. "ప్రార్థన చేసి చెప్పు. ప్రభువు చిత్తమైతే లారీ పిలుస్తా" అన్నాడు. నేను గదిలోకి పోయి మోకాళ్ళూనాను. ప్రార్థన చేయలేదు. కొంతసేపు అలా ఉండి బయటికి వచ్చి, "ప్రభువు వద్దంటాండాడు" అన్నాను.

మొదటిసారి దేవుని మాటున దాక్కున్నాను. ఈసారి దేవుని నోట నా మాట పెట్టాను. మొదటి దానికంటే ఇదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. ప్రతి ఏడూ అడిగాడు. ప్రతి ఏడూ అదే చెప్పాను. ఆయన ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. పక్క చేను పచ్చగా ఉంటే, మా చేను బీడుపెట్టి, ఆ పక్క చేనుకే ఆయన కూలికి పోయాడు. అక్కడి నుంచి ఒక బిందె నీళ్ళు భుజాన పెట్టుకుని గట్టు మీద నడిచి వచ్చేవాడు. బోరు పక్క నుంచే దారి.

నెల కింద ఆదివారం సాక్ష్యాల సమయంలో నా భర్త లేచాడు. ఆయన ఎప్పుడూ లేవడు. మాట్లాడడం రాదు. ముందు బెంచీ పట్టుకుని, "మా నాయన మెడల్సు ఎవరు తీసినారో నాకు తెలీదు" అన్నాడు. "నన్ను దొంగ అని మా నాయన పోయినాడు. చాలా దినాలు ఆ తీసినోళ్ళ మీద కోపం పెట్టుకుంటి. ఇంగ మోయలేను. ఎవరైనా సరే, వాళ్ళను నేను క్షమించినా. వాళ్ళ కోసం ప్రార్థన చేయండి." అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. నా గొంతు వణకలేదు. అది విని నాకు నా మీదే భయం వేసింది.

ఆ క్షమాపణ నాది కాదు. ఎవరో తెలియని మనిషికి ఇచ్చినది. నా మొహం చూసి, నా పేరు పెట్టి ఇస్తే గాని అది నాకు చెందదు. ఇస్తాడో లేదో తెలియదు. అడిగే హక్కు ఉందో లేదో తెలియదు. ఒకటి మాత్రం ఆ రోజు అర్థమైంది. డేరా కింద శపితమైనది దాచినవాడి కథను ఇన్నేళ్ళు ఇన్నిసార్లు చెప్పాను. ప్రతిసారీ మా మామ డబ్బానే నా కళ్ళ ముందు ఉండేది. ఆయన దాచలేదు. తాళం కూడా వేయలేదు. దాచింది నేను. శపితమైనది మెడల్సు కాదు, వాటిని భూమిలోకి వదిలిన చేయి.

నిన్న మబ్బులు కమ్మాయి. నా భర్త చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, ప్రతి ఏడూ అడిగినట్టే అడిగాడు. "ఏమే, బోరు సంగతి ప్రార్థన చేసి చెప్తావా?"

నేను గదిలోకి పోలేదు. "లారీని పిలువు" అన్నాను.

చెంబు ఆయన చేతిలో ఆగిపోయింది. "ప్రభువు చెప్పినాడా?"

"లేదు. నేనే చెప్తాండా."

ఆయన చెంబు కింద పెట్టాడు. తలుపు పక్కనున్న గడ్డపార తీసుకుని చేనులోకి పోయాడు. రాతి కింద గడ్డపార దూర్చిన చప్పుడు వంటింట్లోకి వినబడింది. తర్వాత రాయి దొర్లింది. ఆ వెనకే బోరు మూలుగు వచ్చింది, ఊఁ అని, ఇన్నేళ్ళ తర్వాత.

రేపు లారీ వస్తుంది. అడుగు నుంచి నీళ్ళు వస్తాయో, బురద వస్తుందో, ఏమీ రాదో తెలియదు. మెడల్సు వస్తే ఆయన అంచు చూస్తాడు, గోటితో తుడిచి చూస్తాడు. రాకపోతే చెప్పవలసింది నేనే. ఎటైనా రేపు ఆ బోరు పక్కన నేను నిలబడి ఉంటాను.

మనిషి తన నోటితోనే ఒప్పుకోవాలని ఆనాడు నేనే ప్రార్థించాను. ఎవరు తీసినారో అన్నాను. ఇన్నేళ్ళుగా నా ప్రార్థనలన్నిటిలో ఆ ఎవరో ఉన్నారు, నేను లేను. అందుకని యంత్రం కంటే ముందు, ఆయనకు చెప్పబోయే మాటను ఒకసారి మీ దగ్గర పలికి చూస్తున్నాను. ప్రభువా అనకుండా, ఆమేన్ అనకుండా.

మెడల్సు నేను తీశాను. బోరులో వేశాను. ఆయన దొంగ కాదు.